బిగ్ బ్లాక్, నాట్ మూవింగ్

నాకు ఇంగ్లీషు రాదని కాదు, వచ్చు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినా, పిల్లల చేత హోంవర్కులు చేయించీ చేయించీ, స్కూలు డైరీల్లో సంతకాలు పెట్టీ పెట్టీ ఓ మోస్తరు ఇంగ్లీషు వంటబట్టింది. బ్యాంకులో ఫారాలు నింపగలను. మందు సీసా మీద రాసింది చదివి ఎన్నిసార్లు వెయ్యాలో చెప్పగలను. చిక్కల్లా ఏమిటంటే, ఒక్కో మాట నా దగ్గర ఒక అర్థంతో బయల్దేరి అవతలివాళ్లని చేరేసరికి ఇంకో అర్థమై కూచుంటుంది. అలాంటి ఒక్క మాటతో 2025 ఆగస్టులో మా ఆడపడుచుని నలభై నిమిషాలు ఏడిపించాను. ఆ మాట ఏ మనిషి గురించో, ఏ ఆస్తి గురించో కాదు. ట్రాఫిక్ గురించి!

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నా పుట్టిల్లు శ్రీకాకుళం, అత్తిల్లు విజయనగరం. మావయ్యగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. పలాస, ఇచ్ఛాపురం, పార్వతీపురం, సాలూరు, విశాఖపట్నం, ఈ రోడ్లన్నీ ఆయనకి మన వంటింట్లో డబ్బాల్లాంటివి. చీకట్లో కూడా ఏది ఎక్కడుందో తెలుసు. మన జాతీయ రహదారికి 2010లో నంబరు మార్చి 16 అన్నారు గానీ, ఆయనకి ఇప్పటికీ అది ఐదో నంబరు రోడ్డే. "ఐదో నంబరెక్కీసేక ఇంకేటమ్మా, బండి దానంతటదే ఎలిపోద్ది" అంటారు.

అత్తయ్యగారు 2021లో, కరోనా రెండోసారి వచ్చినప్పుడు వెళ్లిపోయారు. మా ఆడపడుచు అప్పుడు డాలస్‌లో ఉంది. ఇప్పుడూ అక్కడే ఉంది. ఆ రోజుల్లో విమానాల సంగతి మీకు తెలిసిందే. కడసారి చూపుకి రాలేకపోయింది. వీడియోలో చూసింది. ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం.

ఆమె భర్తది కేరళ, త్రిసూర్ దగ్గర. మంచి మనిషి. నేను అన్నయ్యా అని పిలుస్తాను, ఆయనకి ఆ ఒక్క తెలుగు మాటా బాగా అర్థమవుతుంది. పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు. అందుకని మా ఫ్యామిలీ గ్రూపులో ఏం రాసినా ఇంగ్లీషులోనే రాయాలని ఒక ఒప్పందం. మావారికి రాయడం బద్ధకం. బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటారు. మావయ్యగారి దగ్గర బటన్ల ఫోను. కాబట్టి విజయనగరం వైపు నుంచి విలేఖరిని నేనే.

ఆ వేసవి నుంచి మావయ్యగారికి మేడమెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. ఇక్కడి డాక్టరుగారు చూసి, ఎందుకైనా మంచిది, విశాఖపట్నం తీసుకెళ్లి గుండె పరీక్షలన్నీ ఒకసారి చేయించండి అన్నారు. డాలస్‌లో ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ మా ఆడపడుచుకి నిద్ర లేదు. ఏ రోజు, ఎన్నింటికి, ఏ డాక్టరు అని అన్నీ రాసుకుంది. "వదినా, బయల్దేరినప్పటి నుంచీ నాకు మెసేజ్ పెడుతూ ఉండు" అంది. అలాగే అన్నాను.

పొద్దున్నే ఇడ్లీలు తినేసి ఏడున్నరకి బయల్దేరాం. మావారు నడుపుతున్నారు, మావయ్యగారు ముందు సీట్లో, నేను వెనకాల రిపోర్టుల సంచీతో. పదిన్నరకి డాక్టరు. మామూలుగా అయితే బోలెడంత టైము. ఆనందపురం దాటే వరకూ బాగానే ఉంది. బోయపాలెం దగ్గరకొచ్చేసరికి ముందున్న బస్సు ఆగింది. దాని ముందు లారీ, ఆ లారీ ముందు ఇంకో లారీ. ఐదు నిమిషాలు చూశాం, పది నిమిషాలు చూశాం. కాలేజీ బస్సుల్లోంచి పిల్లలు తలలు బయటపెట్టి చూస్తున్నారు. ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందట అని ఒకడు, కాదు కారూ ఆటో గుద్దుకున్నాయట అని ఇంకొకడు. పదీ పావుకి ఆసుపత్రి నుంచి ఫోను. "డాక్టరుగారు మీకోసం చూస్తున్నారు, పన్నెండు దాటితే వెళ్లిపోతారు" అని.

నాకు కంగారు. ఆ కంగారులోనే గ్రూపులో టకటకా టైపు చేశాను. బిగ్ బ్లాక్. నాట్ మూవింగ్. డాక్టర్ వెయిటింగ్.

మూడు ముక్కలు. స్పెల్లింగు తప్పు కూడా లేదు. పైగా "బ్లాక్" అనే మాట వాడినందుకు లోపల కాస్త గర్వం. ఎందుకంటే అది నేను సొంతంగా నేర్చుకున్న మాట. రెండేళ్ల కిందట అన్నయ్య వచ్చినప్పుడు విశాఖ విమానాశ్రయం నుంచి తీసుకొస్తుంటే మధురవాడ దగ్గర బళ్లు ఆగిపోయాయి. ఆయన ఇంటికి ఫోన్ చేసి మలయాళంలో ఏదో చెబుతూ మధ్యలో "బ్లాక్, బ్లాక్" అన్నాడు. అదేమిటని అడిగితే, మా వైపు ట్రాఫిక్ ఆగిపోతే బ్లాక్ అనే అంటాం అన్నాడు. మనవాళ్లు కూడా రోడ్డు బ్లాకైపోయింది అంటూనే ఉంటారు కదా. ట్రాఫిక్ జామ్ అని రెండు మాటలు రాసే బదులు ఒక్క మాటతో పోతుందని నా పాల లెక్క పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకున్నాను. కొత్త ఇంగ్లీషు మాటలన్నీ అక్కడే రాసుకుంటాను లెండి.

మెసేజ్ వెళ్లిన రెండు నిమిషాలకి నా ఫోను ఆరిపోయింది. పొద్దున్నుంచీ దార్లో మ్యాప్ పెట్టుకున్నాం కదా, ఛార్జింగు అయిపోయింది. మావారు తన ఫోను స్టీరింగు పక్కన అరలో పడేసి, ఏమైందో చూసొస్తానని నలుగురితో కలిసి ముందుకి నడిచారు. ఆ ఫోను సైలెంట్‌లో ఉంది. నేను దిగి, రోడ్డు పక్కన ఒకామె ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతుంటే మావయ్యగారికి ఓ పొట్లం కొన్నాను.

డాలస్‌లో అప్పుడు రాత్రి పన్నెండు కావస్తోంది.

మనం మన ఊళ్లలో గుండె గురించి ఎలా మాట్లాడుకుంటాం? "ఆయనకి రెండు బ్లాకులున్నాయట, ఒకటి తొంభై శాతమట, స్టెంటు వేశారట." ఇలాగే కదా. తండ్రిని గుండె పరీక్షకి తీసుకెళ్తున్నామని తెలిసిన కూతురు, అర్ధరాత్రి ఫోను తీసి, పెద్ద బ్లాకు, కదలడం లేదు, డాక్టరు ఎదురు చూస్తున్నాడు అని చదివితే ఏమవుతుంది? నాకు చేసింది, ఆఫ్. వాళ్లన్నయ్యకి చేసింది, ఎత్తలేదు. మా ఇంటికి చేసింది, మావయ్యగారి బటన్ల ఫోను దేవుడి గూటి దగ్గర మోగి మోగి ఆగింది. మా పక్కింటావిడకి చేసింది, ఆవిడ "పొద్దున్నే వెళ్లారమ్మా, ఇంకా రాలేదు" అంది. అది నిజమే. కానీ ఆ నిజం ఆ నిమిషంలో ఎలా వినపడుతుందో ఆలోచించండి.

నలభై నిమిషాలకి దారి వదిలారు. మావారు వచ్చి కారెక్కి ఫోను చూస్తే పదిహేడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే అన్నయ్య ఎత్తాడు. ఆయన ముందు గదిలో పడుకున్నాడట. ఏడుపు విని లేచి, ఏమైందంటే ఈమె మాట్లాడలేక ఫోను చేతికిచ్చిందట. ఆయన మెసేజ్ చదివి, ఒక్క నిమిషం ఆలోచించి, "ఇది ట్రాఫిక్ కదా, మనింట్లో అనే బ్లాక్" అన్నాడట. ఈమె నమ్మలేదు. నువ్వు ఊరికే నన్ను ఓదారుస్తున్నావు అందట.

నాన్నకివ్వు అంది. మావారు స్పీకర్ పెట్టారు.

"ఏటమ్మా, అర్ధరాత్రేల ఎందుకేడుస్తన్నావు? నాకేటైంది? బోయపాలెంలో చెనక్కాయలు తింటన్నాను" అన్నారు మావయ్యగారు.

అవతల నుంచి చాలాసేపు ఏ మాటా లేదు. ఆ తర్వాత నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. నేను వెనక సీట్లో సంచీ ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తలేక కూచున్నాను.

పదకొండూ ముప్పావుకి ఆసుపత్రికి చేరాం. పరీక్షలన్నీ చేశారు. దేవుడి దయ వల్ల భయపడ్డంత లేదు. బీపీ మందు మార్చారు, ఉప్పూ ఊరగాయలూ తగ్గించమన్నారు, ఆరు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఈసారి నేను ఏమీ టైపు చెయ్యలేదు. మావారి చేతే ఫోన్ చేయించి చెప్పించాను.

ఆ రాత్రి మా ఆడపడుచుకి నేనే ఫోన్ చేశాను. క్షమించమ్మా, నా ఇంగ్లీషు మండా అన్నాను. ఆమె కోప్పడలేదు. "ఇంగ్లీషు కాదు వదినా. అమ్మప్పుడు అన్నయ్య ఏం రాశాడో గుర్తుందా? అమ్మ కొంచెం డల్‌గా ఉంది అని రాశాడు. మర్నాటికి అమ్మ లేదు. అప్పట్నుంచీ మీరు ఏం రాసినా దాని వెనకాల ఏం దాచారో అని వెతుక్కుంటాను. కొంచెం అంటే చాలా అని చదువుకుంటాను. అలాంటిది ఇవాళ నువ్వు పెద్ద అనే రాశావు" అంది.

నాకు సమాధానం దొరకలేదు.

నిజమే కదా. మనిళ్లల్లో దూరాన ఉన్నవాళ్లకి మనం ఎప్పుడు ఉన్న మాట ఉన్నట్టు చెప్పాం? ఆసుపత్రిలో ఉంటే "కాస్త నలతగా ఉంది" అంటాం. మనిషి పోతే "సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరు" అంటాం. మా నాన్నగారు పోయినప్పుడు నాకూ అలాగే చెప్పారు. విజయనగరం నుంచి శ్రీకాకుళం బస్సులో వెళ్తూ, నాగావళి వంతెన దాటేదాకా ఆయన బతికే ఉన్నారనుకున్నాను. వాళ్లు నా మంచికే చెప్పారు, దార్లో ఏమైపోతానో అని. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు, ఇంటి నుంచి ఫోనొచ్చి "ఏం లేదు గానీ" అని మొదలుపెడితే చాలు, నాకు కాళ్లు వణికేవి. అది మర్చిపోయి నేనూ అదే పని చేశాను.

సరే, ఇక ఆ మాట సంగతి తేల్చాలనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం పాల లెక్క పుస్తకం పట్టుకుని మా అమ్మాయి దగ్గర కూచున్నాను. ఇంజనీరింగు మూడో ఏడు. ట్రాఫిక్ ఎక్కువగా ఉంటే ఇంగ్లీషులో సరిగ్గా ఏమనాలో చెప్పమ్మా అన్నాను. "ఎంత ఎక్కువ?" అంది. అదేమిటే, ఎక్కువంటే ఎక్కువే అన్నాను. "కదులుతోందా, ఆగిపోయిందా? అది చెబితే గాని మాట చెప్పలేను" అంది.

అప్పుడు తెలిసింది నాకు. అసలు ట్రాఫిక్ అంటే ఇంగ్లీషులో రోడ్డు మీద వచ్చే పోయే బళ్లు, అంతే. మనం "ట్రాఫిక్ వల్ల లేటయింది" అని ఆ మాటనే తిట్టులా వాడేస్తాం. బళ్లు చాలా ఉండి, అయినా కదులుతూ ఉంటే హెవీ ట్రాఫిక్. బిగ్ ట్రాఫిక్ అనకూడదట, స్ట్రాంగ్ ట్రాఫిక్ అనకూడదట. వానకీ అదే మాట, హెవీ రెయిన్. మన పేపర్లలో భారీ వర్షం అని రాస్తారే, అలాగ. రోడ్డు పట్టనన్ని బళ్లు వచ్చి నత్తల్లా పాకుతుంటే కంజెషన్. పూర్తిగా ఆగిపోతే జామ్. ఒక కూడలిలో నాలుగు వైపుల బళ్లూ ఒకదానికొకటి అడ్డుపడి, ఎవరూ ముందుకీ వెనక్కీ వెళ్లలేకపోతే గ్రిడ్‌లాక్. ఈ ఆఖరి మాట 1980లో న్యూయార్కులో బస్సులూ రైళ్లూ సమ్మెలో ఉన్నప్పుడు, శామ్ ష్వార్ట్జ్ అనే ట్రాఫిక్ ఇంజనీరు వల్ల నలుగురి నోళ్లలో పడిందట. నాకు మాత్రం వెంటనే మా శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ గుర్తొచ్చింది. ఏడు వైపుల నుంచి ఆటోలూ, మోటారుసైకిళ్లూ, మధ్యలో ఓ అరటిపళ్ల బండీ వచ్చి కొమ్ములు తగిలించుకుంటే ఎలా ఉంటుందో చూస్తూ పెరిగినదాన్ని, నాకు న్యూయార్కు దాకా వెళ్లక్కర్లేదు.

"కంజెషన్ బాగుందే, గొప్పగా ఉంది, అది రాస్తాను" అన్నాను. మా అమ్మాయి నుదురు కొట్టుకుంది. "అమ్మా! ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరినా కంజెషన్ అనే అంటారు. తాతయ్యని ఆసుపత్రికి తీసుకెళ్తూ కంజెషన్ అని రాశావనుకో, అత్త ఈసారి విమానం ఎక్కేస్తుంది."

ఇదంతా మావయ్యగారు అరుగు మీద కూచుని వింటున్నారు. హెవీ ట్రాఫిక్ అనగానే, "హెవీ అంటే లారీలూ బస్సులే కదేటి? నాది హెవీ లైసెన్సు" అన్నారు. మేమిద్దరం నవ్వాం. ఆయన కూడా నవ్వి, ఆ తర్వాత చెప్పిన మాటలు మాత్రం నేను పాల లెక్క పుస్తకంలో రాసుకున్నాను.

"ఈ మాటలన్నీ ఎందుకమ్మా, గేరు చెప్పీ. టాపు గేర్లో ఎల్తే రోడ్డు కాళీ. మూడో గేర్లో ఎల్తే బళ్లున్నాయి గానీ ఎలిపోతాం. ఒకటీ రెండూ, ఒకటీ రెండూ మారస్తా ఉంటే లేటవుతాది. న్యూట్రల్లో పెట్టీసేమంటే ఆగిపోనాం. ఇంజనాపీసి, హ్యాండుబ్రేకేసీసి, కిందికి దిగి టీ తాగితన్నామంటే ఇక ఆ రోజుకంతే."

మా అమ్మాయి నోరు తెరిచింది. "తాతయ్యా, ఇదే కదా నేను ఇందాకట్నుంచీ చెబుతున్నది!" అని పుస్తకం లాక్కుని, మూడో గేరు ఎదురుగా హెవీ, ఒకటీ రెండూ ఎదురుగా కంజెషన్, న్యూట్రల్ ఎదురుగా జామ్ అని గీతలు కొట్టింది. టీ తాగడం ఎదురుగా గ్రిడ్‌లాక్ రాసి, పక్కన ఏడు రోడ్లు అని రాసింది.

మావయ్యగారు ఇంకో మాట కూడా అన్నారు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మాటే.

"రాత్రి సర్వీసు తోల్తన్నప్పుడు, సీకట్లో ఎక్కడో బస్సాగిపోద్ది. ప్యాసింజర్లు నిద్రలో ఉంటారు. బస్సాగగానే దిగ్గున లెగుస్తారు. లేచినోడు ముందు ఎందుకాగిందని అడగడమ్మా. మనకేటైందని అడుగుతాడు. అందుకని నేను ముందు లైటేసి, ఏటీ భయం లేదు, మన బండికేటీ అవలేదు అనీవోణ్ణి. ఆ తర్వాత ముందర లారీ పడిందనో, గేటేసీసేరనో చెప్పీవోణ్ణి. ఆ తర్వాత ఎంతసేపవుద్దో చెప్పీవోణ్ణి. తెలీపోతే తెలీదనే చెప్పీవోణ్ణి. అబద్ధం చెబితే రెండోసారి లైటేసినా నమ్మరు."

డాలస్‌లో అర్ధరాత్రి దిగ్గున లేచి కూచున్న ఆయన కూతురు గుర్తొచ్చింది నాకు. నేను రాసిన మూడు ముక్కల్లో మనుషుల సంగతి ఒక్క ముక్కా లేదు. రోడ్డు ఉంది, డాక్టరు ఉన్నాడు. మావయ్యగారు ఎలా ఉన్నారన్నది లేదు. బ్లాక్ బదులు నేను జామ్ అని సరిగ్గా రాసి ఉంటే ఆమె ఏడ్చేది కాదు, అది నిజం. కానీ ఆ భయం అలాగే ఉండేది, ఇంకో మాట దగ్గర ఇంకో రోజు బయటపడేది.

ఆలోచిస్తే ఇంట్లోవాళ్లకి కూడా ఇలాగే చేస్తాం. మావారు సాయంత్రం ఫోన్ చేసి "యాక్సిడెంటయింది, లేటవుతుంది" అని పెట్టేస్తారు. ఎవరికయిందో చెప్పరు! రోడ్డు మీద ఎవరిదో యాక్సిడెంటయి ట్రాఫిక్ ఆగిందని ఆయన ఉద్దేశం. ఇక్కడ నా చేతిలో గరిటె జారిపోతుంది. ఈ సంగతి అప్పుడే అంటించాను ఆయనకి. ఇప్పుడు "నేను బాగానే ఉన్నాను" అని మొదలుపెడుతున్నారు, కాస్త నవ్వుతూనే అనుకోండి.

ఆరు వారాల తర్వాత మళ్లీ విశాఖ వెళ్లాం. ఈసారి ఎండాడ దగ్గర దొరికిపోయాం. ఫోనుకి ఛార్జింగు నిండుగా ఉంది. గ్రూపులో ఇలా రాశాను. నాన్నగారు బాగున్నారు, పక్కనే ఉన్నారు, బఠాణీలు తింటున్నారు. రోడ్డు ఒకటో గేరు, రెండో గేరు. ఇరవై నిమిషాలు లేటవుతుంది. ఇంగ్లీషులోనే రాశాను. గేరు అన్నది ఎవరికి అర్థం కాదు చెప్పండి? మా ఆడపడుచు వెంటనే జవాబిచ్చింది, ఒక ఫోటో పెట్టమని. మావయ్యగారిది తీసి పెట్టాను. నమ్మకం ఒక్క రోజులో తిరిగి రాదు కదా. ఫోటో అడిగినందుకు నేనేమీ అనుకోలేదు.

ఆ తర్వాత ఆమె సెలవు పెట్టి, చిన్నవాణ్ణి తీసుకుని సిరిమానుకి వచ్చింది. 2025లో అక్టోబరు 7న, దసరా వెళ్లిన మంగళవారం పడింది. అత్తయ్య పోయాక ఆమె సిరిమానుకి రావడం అదే మొదలు. మా ఊళ్లో ఆ రోజు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. బస్సుల్ని ఊరి బయటే మళ్లించేస్తారు. కార్లు ఎక్కడో పెట్టి నడుచుకుంటూ రావాలి. ప్రతి ఇంట్లోనూ చుట్టాలే. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా జనం తప్ప రోడ్డు కనపడదు. మా ఆడపడుచు వస్తూనే అత్తయ్య చీరొకటి అడిగి కట్టుకుంది.

కోట దారిలో చుట్టాల మేడ మీద నుంచి చూశాం. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల, వాటి వెనకాల సిరిమాను. ఆ మాను చివర కూచున్న పూజారిగారిని చూసి చిన్నవాడు కళ్లార్పలేదు. కిందనుంచి జనం అరటిపళ్లు విసురుతున్నారు. అంతమంది అంత ఇరుకులో నిలబడితే, ఇంకో రోజైతే ఎన్ని తిట్లు వినపడేవో! ఆ రోజు "అమ్మా, తల్లీ" తప్ప ఇంకో మాట లేదు. మా అమ్మ అరసవల్లి రథసప్తమికి రాత్రంతా వరసలో నిలబడి వచ్చి, కాళ్లు పీకుతున్నా, "ఇసకేస్తే రాలలేదే" అని ఎంత సంతోషంగా చెప్పేదో గుర్తొచ్చింది. ట్రాఫిక్ అని ఆవిడ ఒక్కసారీ అనలేదు.

చిన్నవాడికి గేర్ల సంగతి వాళ్లమ్మ చెప్పే ఉంచింది. తాతయ్య చెయ్యి పట్టుకుని, "తాతా, ఇది ఏ గేరు?" అని అడిగాడు.

"ఇక్కడ బండే లేదురా, గేరెక్కడిది? ఇది జాతర" అన్నారు మావయ్యగారు.

వాడు వాళ్లమ్మ ఫోను తీసుకుని డాలస్‌లో ఉన్న నాన్నకి మెసేజ్ పెట్టాడు. వాడు రాసింది నేను పక్కనుంచి చదివాను. వి ఆర్ ఆల్ ఫైన్. నో గేర్. జాతర.

జాతర అంటే ఆయనకేం అర్థమవుతుందిరా, ఇంగ్లీషులో ఏమంటారో రాయి అన్నాను. ఆ మాట ఏమై ఉంటుందా అని నేనూ వెతుక్కుంటున్నాను. ఫెస్టివల్ అంటే చాలదు, క్రౌడ్ అంటే బాగుండదు.

ఈలోగా జవాబు వచ్చేసింది. ఓహ్, మా త్రిసూర్ పూరం లాగా, అని.